డీజిలు కాదయ్యా ఇది

“ఇంకొక్కసారి నువ్వు ఆ బండి తోసుకుంటూ వచ్చావంటే నాన్నా, తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ముందే చెప్తున్నా,” అంది కూతురు.

చుక్కయ్య ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. గుమ్మం ముందు మెట్టు మీద కూలబడి గ్లాసుడు నీళ్ళు గటగటా తాగుతున్నాడు. గేటు పక్కన కరెంటు స్కూటరు తనకేమీ తెలియనట్టు స్టాండు మీద నిలబడి ఉంది. పెద్దరోడ్డు నుంచి ఇంటిదాకా దాన్ని తోసుకొచ్చేసరికి ఆయనకి తలప్రాణం తోకకొచ్చింది. దారిలో కనిపించినవాళ్ళంతా “ఏం పెద్దాయనా, పెట్రోలు అయిపోయిందా?” అని అడిగేవాళ్ళే. అది పెట్రోలు తాగే బండి కాదని చెప్పడానికి కూడా ఊపిరి మిగల్లేదు. పోయిన వారమూ ఇదే కథ.

“ఆదివారం ఆదివారం మాతోపాటు కారులో వద్దువుగాని. అమ్మ ఎక్కడికీ పారిపోదు కదా,” అనేసి కూతురు లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల రాతిగుండెదేమీ కాదు. వయసు మళ్ళిన తండ్రి నడిరోడ్డు మీద బండి తోస్తూ ఉంటే ఏ లారీవాడు చూసుకోకుండా వస్తాడోనని దాని భయం దానిది. కాని ‘ఆదివారం ఆదివారం’ అన్న మాట చుక్కయ్యకి ముల్లులా దిగింది.

ఆయన భార్యకి పక్షవాతం వచ్చి మూడు నెలలైంది. కాలూ చెయ్యీ ఇప్పుడిప్పుడే కదులుతున్నాయి గాని మాట పడిపోయింది. ఊరి చివర మెట్ట దాటి అవతలికి దిగితే, ఇలాంటివాళ్ళు కోలుకునేదాకా ఉంచుకునే ఆసుపత్రి ఒకటి ఉంది. అక్కడ చేర్పించారు. మాటలు నేర్పే అమ్మాయి మొదట్లోనే చెప్పింది: “రోజూ ఎవరో ఒకరు వచ్చి మాట్లాడించాలండీ. మధ్యలో మానేస్తే వచ్చిన రెండు మాటలూ వెనక్కి పోతాయి.” కూతురు కారేసుకుని ఊరికి ఇటు చివర ఉద్యోగానికి వెళ్తుంది. అల్లుడు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు, పొద్దున వెళితే సాయంత్రానికి గాని రాడు. మెట్ట మీది రోడ్డు ఇరుకని బస్సు ఎప్పుడో ఎత్తేశారు. ఇక తీరికున్నది చుక్కయ్యకి, ఉన్నది ఈ స్కూటరు. ఇది ఆగిపోతే ఆమెకి మాట ఆగిపోయినట్టే.

చుక్కయ్య అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు, జీతం రిజిస్టరుకి తప్ప. బస్సు డ్రైవరుగా ఉన్నన్నాళ్ళూ డీజిలు చుక్క చుక్క మిగిల్చేవాడని డిపోలో పెట్టిన పేరది. కొత్తగా చేరినవాళ్ళు వేరే చుక్క అనుకుని సాయంత్రాలు పిలిచేవాళ్ళు. ఆయనకి ఆ వాసనే పడదు. అందరికంటే తక్కువ డీజిలుతో ఎక్కువ దూరం నడిపినందుకు ఆయనకి షీల్డు కూడా ఇచ్చారు. అదే బస్సులో టికెట్లు కొట్టిన అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడే ఇప్పుడు మెట్ట అవతల మంచం మీదున్న కండక్టరమ్మ.

ఇంత పేరున్న మనిషికి, మోచెయ్యంత బండిని మెట్ట ఎక్కించి దించి మళ్ళీ ఇంటికి తేవడం చేతకాలేదంటే ఆయనకే నమ్మకం కుదరలేదు. అల్లుడు కొన్నేళ్ళు వాడిన బండే అది. మామగారికిచ్చి తను దుకాణానికి నడిచిపోతున్నాడు. బ్యాటరీ కాస్త పాతబడిన మాట నిజమే. అయినా అల్లుడి చేతిలో ఉన్నన్నాళ్ళూ అది ఊరంతా తిరిగొచ్చేది. ఆసుపత్రిలో చార్జింగు పెడదామంటే గేటు దగ్గర కాపలావాడు, కుదరదని గోడ మీది బోర్డు చూపించాడు. కాబట్టి వెళ్ళినదానితోనే తిరిగి రావాలి.

ఆ రోజు నుంచి చుక్కయ్య పొదుపు మొదలుపెట్టాడు. సీటు కింద పెట్లో ఉన్న పనిముట్లన్నీ తీసేశాడు. కాళ్ళకింది రబ్బరు పట్టా ఊడదీశాడు. మబ్బు పట్టినా హెడ్‌లైటు వెయ్యడం మానేశాడు. మనిషి తేలికైతే బండి ఎక్కువ దూరం పోతుందని మధ్యాహ్నం తిండి సగం చేశాడు. కూతురు అడిగితే, “ఆకలి లేదమ్మా” అన్నాడు. బస్సులో నేర్చిన విద్య మాత్రం వదల్లేదు. బయల్దేరేటప్పుడు ఒక్క ఊపులో వేగం అందుకోవడం, అందుకోగానే వదిలేయడం. ఇంటికి రాగానే, డిపోలో ట్యాంకు నింపినట్టు, బండి వేడి చల్లారకముందే చార్జింగుకి తగిలించడం. అన్నిటికంటే పెద్ద విద్య మెట్ట దిగుడులో. పైకి ఎక్కగానే తాళం తిప్పి బండిని ఆపేసి, ఊరికే జారనిచ్చేవాడు. నూనె తాగని దారి అంటే దిగుడేనని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికే షీల్డు వచ్చింది మరి.

ఇంత చేసినా బండి మీద ‘ఇంకా ఇంత దూరం పోగలను’ అని చూపించే అంకె రోజురోజుకీ తొందరగా పడిపోతోంది. మూలిగే నక్క మీద తాటికాయలా ఎదురుగాలి కూడా మొదలైంది.

అల్లుడు ఒకరోజు పొద్దున్నే గుమ్మంలో నిలబడి, “మామయ్యా, ఆ దిగుడులో…” అన్నాడు.

“ఏం బాబూ?”

“ఏం లేదండి. జాగ్రత్తగా వెళ్ళిరండి,” అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ అల్లుడి సంగతి చెప్పాలంటే, నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళయిన కొత్తలో చుక్కయ్య, “మా అమ్మాయి గోడని చేసుకుంది” అని కండక్టరమ్మతో నవ్వేవాడు. “గోడ అయితే ఆనుకోవచ్చు, నువ్వు తలుపువి, ఎప్పుడూ కిర్రుమంటావు” అని ఆవిడ తిప్పికొట్టేది. ఆ నోరు ఇప్పుడు మూతపడింది.

ఆసుపత్రిలో ఆమె గది కిటికీ వెనకవైపు ఆవరణలోకి ఉంటుంది. చుక్కయ్య రోజూ వెళ్ళగానే ముందు తల దువ్వుతాడు. తర్వాత మాటలు నేర్పే అమ్మాయి చెప్పినట్టే బల్ల మీది వస్తువులు ఒక్కొక్కటీ ఎత్తి చూపిస్తాడు. “ఇదేమిటి, చెప్పు? దువ్వెన. దు-వ్వె-న. ఇది? గ్లాసు.” చంటిపిల్లతో మాట్లాడినట్టు గొంతు మెత్తగా చేసి అడుగుతాడు. ఆవిడ ఓసారి వస్తువునీ, ఓసారి మొగుడినీ చూసి “ఊ” అంటుంది. ఇంకాస్త బలవంతం చేస్తే “చాలు” అని మొహం గోడవైపు తిప్పుకుంటుంది. మూడు నెలల్లో కూడబెట్టింది ఆ రెండూ, ‘నీళ్ళు’ అన్న ఇంకోటీ.

బండి ఎలా ఉందన్నట్టు ఆవిడ ఎప్పుడైనా కళ్ళెగరేస్తే, “గుర్రమే అనుకో! నువ్వేం బెంగ పెట్టుకోకు,” అనేవాడు. తోసుకెళ్ళిన సంగతి గాని, కూతురి హెచ్చరిక గాని, తిండి తగ్గించిన సంగతి గాని ఆమె చెవిన పడనివ్వలేదు. అసలే జబ్బుమనిషి, లేనిపోని దిగులెందుకని. మంచి మనసుతోనే చేశాడు, కాదనలేం. కాని ఒక మనిషిని దిగులుకి కూడా పనికిరానిదాన్నిగా చేసేస్తున్నానని ఆయనకి తట్టలేదు.

ఆదివారం వచ్చింది. ముగ్గురూ కారులో వెళ్ళారు. కూతురూ చుక్కయ్యా డాక్టరుతో మాట్లాడి గదికి తిరిగొస్తూ గుమ్మంలో ఆగిపోయారు. అల్లుడు కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, అత్తగారితో ఏదో చెబుతున్నాడు. ఒక మాట కాదు, రెండు మాటలు కాదు. చేతులు కూడా తిప్పుతున్నాడు. కండక్టరమ్మ కళ్ళు ఆర్పకుండా వింటోంది. వీళ్ళ అలికిడి వినగానే అల్లుడు టక్కున నోరు మూసి కుక్కిన పేనులా కూర్చున్నాడు.

“మీ ఆయనకి మాటలు కూడా వచ్చా!” అన్నాడు చుక్కయ్య కూతురి చెవిలో.

“నాకూ ఇప్పుడే తెలిసింది,” అంది కూతురు.

మర్నాడు గాలి మరీ ఎదురు తిరిగింది. చుక్కయ్య మెట్ట ఎక్కేసరికే అంకె సగానికి పడిపోయింది. అలవాటు ప్రకారం తాళం తిప్పి జారాడు. కింద మలుపు దగ్గర కీచుమని బ్రేకులు నొక్కాడు. మళ్ళీ తాళం తిప్పి ఒక్క ఊపు ఇచ్చి ఆసుపత్రి చేరేసరికి, తిరుగు ప్రయాణం సందేహమేనని అర్థమైపోయింది. ఇవాళ తోసుకుంటూ వెళితే ఇదే ఆఖరి రాక. ఆ సంగతి మొహంలో కనిపించనివ్వకుండా నవ్వు పులుముకుని గదిలోకి వెళ్ళాడు.

“ఏమే, ఎలా ఉన్నావు? ఇదేమిటో చెప్పు చూద్దాం?” అని దువ్వెన ఎత్తాడు.

కండక్టరమ్మ బాగున్న చేత్తో ఆ దువ్వెనని పక్కకి తోసేసింది. మొహం ఎర్రబడింది. పెదవులు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి. ఆయాసమేమోనని చుక్కయ్య కంగారుగా లేవబోయాడు. ఆవిడ ఆయన చొక్కా పట్టుకుంది.

“ఆ… ఆపకు.”

“ఏం ఆపకూడదే? దువ్వడమా?”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. “బండి. దిగే… దిగేటప్పుడు. ఆపకు.”

చుక్కయ్య నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఆయనకి అర్థం కాలేదనుకుందో ఏమో, ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఒక్కసారి గుండెల నిండా ఊపిరి పీల్చింది.

“డీజిలు కాదయ్యా ఇది!”

ఆ మాట ముక్కలు కాకుండా నిండుగా వచ్చింది. కిక్కిరిసిన బస్సులో వెనక తలుపు దగ్గర్నుంచి డ్రైవరు చెవిదాకా వినిపించిన పాత గొంతే అది. వరండాలో పోతున్న మాటలు నేర్పే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. పక్కగది ముసలాయన కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి తొంగి చూశాడు. చుక్కయ్యకి తిట్టు తగిలింది, కళ్ళనీళ్ళూ వచ్చాయి. ముందు దేనికి జవాబివ్వాలో తెలియక కుర్చీలో కూలబడ్డాడు.

“ఎవరు చెప్పారే నీకు?”

“అల్లుడు.” ఆవిడ ఆగి, తడుముకుని, మళ్ళీ అందుకుంది. “టైరు… గాలి… లేదు.”

“గాలి నేనే తగ్గించానే. గుంతల్లో నడుం పట్టేస్తోందని.”

ఆవిడ బాగున్న చేత్తో నుదురు కొట్టుకుంది. తర్వాత ఆయన్ని ఎగాదిగా చూసి, గొంతు తగ్గించి అడిగింది. “తోశావా? బండి?”

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ చూపు ముందు నిలవలేక వెనక్కి పోయింది. “తోశాను. రెండుసార్లు,” అన్నాడు తల దించుకుని.

కండక్టరమ్మ కళ్ళు నిండాయి. “నాకు… చెప్పవా?”

మాటలు నేర్పే అమ్మాయి మంచం పక్కన చేరి, ఆవిడ చెయ్యి నిమురుతూ, “ఇన్నాళ్ళూ దువ్వెనలూ గ్లాసులూ చూపించి విసిగించానా అమ్మా? మీకు చెప్పి తీరాల్సిన మాట ఒకటి దొరికిందన్నమాట,” అంది.

సాయంత్రం ఎండ చల్లబడ్డాక చుక్కయ్య బయల్దేరాడు. ఆసుపత్రి గేటు నుంచే మెట్ట ఎక్కుడు. కిర్రుమనకుండా, ఊపు ఇవ్వకుండా, చంటిపిల్లని నడిపించినట్టు మెల్లిగా ఎక్కించాడు. పైకొచ్చి ఆగి చూస్తే, అంకె ఇల్లు చేరేదానికి ఇంకా తక్కువే చూపిస్తోంది. ఎదురుగా పొడుగాటి దిగుడు. ఆయన చెయ్యి దానంతటదే తాళం మీదికి పోయింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. డ్రైవరు బుద్ధి అంతకంటే మొండిది. ఉన్న కాస్త కరెంటూ దిగుడులో ఖర్చు చెయ్యమంటోంది మా ఆవిడ, పిచ్చిదా ఏమన్నానా, అనుకున్నాడు. ఆ షీల్డు తనకి ఊరికే ఇచ్చారా, అని కూడా అనుకున్నాడు. ఆ వెంటనే చొక్కా పట్టుకున్న చెయ్యి గుర్తుకొచ్చింది. మూడు నెలలకి మొదటిసారి నోరు విప్పి ఒక మాట చెబితే, దాన్నీ కాదంటే తనూ ఒక మనిషేనా?

తాళం తిప్పకుండానే చెయ్యి వెనక్కి తీసుకుని, బండిని దిగుడులోకి పోనిచ్చాడు.

యాక్సిలేటరు వదలగానే బండిని ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టయింది. జారిపోకుండా, సన్నగా గొణుగుతూ, తనంతట తనే నిదానించుకుంటూ దిగుతోంది. అంకె పక్కన ఎన్నడూ చూడని ఆకుపచ్చ గీత ఒకటి వెలిగింది. ఇన్నాళ్ళూ ఈ దిగుడులో మీటరే ఆర్పేసేవాడు, ఇంక కనిపించేదెలా? ఇటువైపు మలుపు దగ్గర కూడా బ్రేకులు కీచుమనే అవసరమే రాలేదు. కిందికొచ్చేసరికి అంకె తగ్గకపోగా ఒకటి రెండు పెరిగి ఉంది. చుక్కయ్య రెండుసార్లు కళ్ళు నులుముకుని చూశాడు. పెట్రోలు బంకు మొహం ఎరగని బండి, దిగుతూ దిగుతూ తన కడుపు తనే నింపుకుంది. ఆయనకి సిగ్గేసింది. సంతోషం కూడా వేసింది. సిగ్గే కాస్త ఎక్కువ.

అక్కడినుంచి ఒకే వేగంలో, ఎద్దుబండిని మించకుండా నడిపాడు. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. ఆయన వినిపించుకోలేదు. పెద్దరోడ్డు దాటాడు. పోయినసారి బండి చచ్చిపోయిన చోటు కూడా దాటాడు. వీధి మలుపు తిరిగేసరికి కూతురు గేటు దగ్గర నిలబడి ఉంది. ఆయన కాళ్ళు నేల మీద లేవని, బండి మీదే ఉన్నాయని చూసి, ఊపిరి వదిలి లోపలికి వెళ్ళింది. అంకె సున్నాకి ఇంకా కాస్త పైనే ఉంది.

అల్లుడు అప్పుడే దుకాణం నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాడు. చుక్కయ్య హెల్మెట్టు తియ్యకుండానే అతని ముందు నిలబడ్డాడు.

“ఏం బాబూ, నిన్న మీ అత్తయ్యతో ఏం చెప్పావు?”

అల్లుడి మొహం పాలిపోయింది. “ఆవిడ… చెప్పారా?”

“చెప్పడమా! ఆసుపత్రంతా వినేట్టు అరిచింది.”

అల్లుడికి విషయం బోధపడటానికి కాస్సేపు పట్టింది. బోధపడ్డాక గోడకి ఆనుకుని, చేత్తో కళ్ళు మూసుకున్నాడు. కూతురు లోపలినుంచి, “ఏమిటి? ఏం జరిగింది? అమ్మ మాట్లాడిందా?” అంటూ పరుగెత్తుకొచ్చింది.

“మొన్నో ఆదివారం మీరు బండి మీద ముందు వెళ్తుంటే కారులో మీ వెనకాలే వచ్చాం కదా మామయ్యా,” అన్నాడు అల్లుడు చివరికి. “మెట్ట దిగేటప్పుడు మీ వెనక దీపం ఆరిపోవడం చూశాను. ఈ బండి దిగుడులో చక్రాల తిరుగుడుతోనే బ్యాటరీ నింపుకుంటుంది, అలా ఆపేస్తే ఏమీ వెనక్కి రాబట్టుకోలేదండి. టైర్లు చూస్తే గాలి లేదు. చెబుదామంటే మీరు… షీల్డు అదీ ఉన్నవారు. నొచ్చుకుంటారేమోనని. మనసులో ఉంచుకోలేక అత్తయ్యకి చెప్పాను.”

“ఆవిడ ఎవరికీ చెప్పలేదు కదా అని ధైర్యం!”

“అవునండి,” అన్నాడు అల్లుడు నిజాయితీగా.

పెదవి దాటితే పృథివి దాటుతుందని తెలిసిన మనిషి, దాటలేని పెదవి చూసుకుని చెప్పాడు. అదే దాటింది. చుక్కయ్యకి నవ్వాగలేదు. కూతురు నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

“నేను ప్రతి ఆదివారం చెబుతూనే ఉంటానండి,” అన్నాడు అల్లుడు, ఎవరూ అడక్కుండానే. “దుకాణం సంగతులు, యజమానితో గొడవలు, అన్నీ. ఆవిడ వింటారు. నా పెళ్ళికి ముందు కూడా నా మాట అంత ఓపిగ్గా ఎవరూ వినలేదు.”

చుక్కయ్య నవ్వు ఆగిపోయింది. తను రోజూ ఎండలో, గాలిలో పడి వెళ్ళి ఆమెకి దువ్వెన చూపించాడు. వారానికోసారి వెళ్ళే ఈ గోడలాంటి మనిషి తన కష్టం చెప్పుకున్నాడు. ఆమె పలికింది ఎవరికోసమో ఇంక ఎవరూ వివరించక్కర్లేదు. మనిషికో మాట చాలంటారు, ఆ మాట మనిషితో అన్నట్టు ఉండాలి మరి.

“సరే, పంపు తీసుకురా,” అన్నాడు చుక్కయ్య. “ఇంకా ఏమేం తప్పులు చేస్తున్నానో ఇప్పుడే చెప్పెయ్. మళ్ళీ అక్కడిదాకా వెళ్ళి చెప్పక్కర్లేదు.”

అల్లుడు పంపు తెచ్చాడు. గాలి కొడుతూ మొదలుపెట్టాడు: వచ్చీరాగానే చార్జింగు పెట్టకండి, బండి చల్లారనివ్వండి. ఒక్కసారి ఊపు ఇవ్వకండి. లైటు వేసుకోండి, దానికి పొయ్యేది ఆవగింజంత. అన్నం తినండి. అలా చెబుతూనే ఉన్నాడు. చుక్కయ్య బుద్ధిగా టైరు పట్టుకుని కూర్చుని, “ఊ” కొడుతూనే ఉన్నాడు. కూతురు వంటింట్లోంచి, “ఇంతకీ తాళంచెవి ఎవరిదగ్గరుండాలి?” అంది. ఇద్దరూ వినిపించుకోలేదు.

మర్నాడు చుక్కయ్య ఆసుపత్రికి వెళ్ళి, తల దువ్వి, దువ్వెన సొరుగులో పెట్టేశాడు. వస్తువులేవీ ఎత్తలేదు. కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చున్నాడు. మొగుడూ పెళ్ళాలుగా ఇన్నేళ్ళూ మాటలు ఆవిడవి, స్టీరింగు ఆయనది.

“మొదటిసారి పెద్దరోడ్డు మీద ఆగిపోయిందే,” అన్నాడు. “పక్కనే స్కూలు వదిలారు. పిల్లలంతా నన్నే చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాననుకో. రెండోసారి ఇంటికెళ్తే మీ అమ్మాయి నా మీద కేకలేసింది. తాళంచెవి లాక్కుంటానంది. నిన్ను చూడ్డానికి రాలేనేమోనని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భయమేసింది. నీకు చెప్పకూడదనుకున్నాను. నువ్వు ఇలా అయిపోయాక ఇంట్లో కూర్చుంటే ఎవరితో మాట్లాడాలో తెలియడం లేదే నాకు.”

అంత చెప్పినందుకు ఆమె మనసు పాడైందేమోనని తలెత్తి చూడ్డానికి జంకాడు.

కండక్టరమ్మ దిండు సర్దుకుని, ఆయనవైపు పూర్తిగా తిరిగింది.

“ఇంకా?” అంది.